చెప్పుకోలేని జబ్బు, రాగిముద్ద

నాకు వచ్చిన జబ్బు మొలలు. ఈ మాట కాగితం మీద పెట్టడానికే పెన్ను ఒకసారి ఆగింది. నోటితో అనడానికైతే నాకు ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నాను. నాలాగా నోరు మూసుకుని బాధపడేవాళ్లు ప్రతి బస్సులోనూ ఒకరిద్దరు ఉంటారని తర్వాత తెలిసింది. వాళ్ల కోసం రాస్తున్నాను. సిగ్గు పోయి రాస్తున్నానని మాత్రం అనుకోకండి. అది ఇంకా అలాగే ఉంది.

1977 వేసవి

అప్పట్లో నేను బస్సు కండక్టర్ని. హిందూపురంలో బయలుదేరి సోమందేపల్లి, పెనుకొండ మీదుగా ధర్మవరం చేరడం, మళ్లీ వెనక్కి రావడం. డ్రైవరు గంగప్పన్న నాకంటే పదేళ్లు పెద్ద. మధ్యాహ్నం ఇద్దరం ధర్మవరం బస్టాండు పక్కనున్న మిలిటరీ హోటల్లో తినేవాళ్లం. మాంసం వండే హోటలుకు మావైపు అదే పేరు, ఉత్త కూర అంటే మాంసమే. తలకాయ కూర, బోటి, కారం దండిగా వేసిన ఖైమా, అందులోకి అన్నం. ఆకుకూర అనేది ఇంట్లో దుడ్లు లేనప్పుడు వండుకునేదని నా నమ్మకం. దారిలో బస్సు ఆపుకోవాల్సి వస్తుందని నీళ్లు కూడా సరిగా తాగేవాణ్ని కాదు.

మొదట మంట. తర్వాత నొప్పి. ఒకరోజు పొద్దున దొడ్డికి పోయినప్పుడు రక్తం చూసి, గోడ పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. బయట నా భార్య మాబున్ని, "ఏమయ్యా, ఇంకా ఎంతసేపు? బస్సు టైమైపాయె" అని పిలుస్తోంది. లోపలి నుంచి "వస్తాండా" అన్నాను. అంతే, ఆ పూట చెప్పలేదు. ఆ పూట చెప్పనివాడు మరుసటి రోజు చెబుతాడా?

కూర్చోవడం కష్టమైంది. కండక్టరు సీటులో కూర్చుంటే గుంతలో బస్సు ఎగిరినప్పుడల్లా ప్రాణం పోయి వచ్చేది. అందుకని నా సీటును ముసలివాళ్లకూ చంటిపిల్లల తల్లులకూ ఇచ్చేసి, ధర్మవరం దాకా నిలబడే పోయేవాణ్ని. సోమందేపల్లిలో రోజూ ఎక్కే ఒక పెద్దాయన ఇది గమనించి బస్సంతా వినేట్టు అన్నాడు.

"ఇట్లాంటి కండక్టరును నేను యాడా చూల్లేదప్పా. మనకు సీటిచ్చి తాను నిలబడతాండాడు. వాళ్లమ్మ కడుపు చల్లగుండ."

నలుగురు అవునన్నారు. నేను తల వంచుకుని చిల్లర వెతుకుతున్నట్టు సంచిలో చేయి పెట్టాను. చేయని మంచికి పొగడ్త పడితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

ఖాకీ ప్యాంటు మీద మరకలు పడుతున్నాయని తెలిశాక నా బట్టలు నేనే ఉతుక్కోవడం మొదలుపెట్టాను. మాబున్నితో, "ఇంజను ఆయిలు అంటుతాంది, నీ చేతులు చెడతాయి" అన్నాను. పెళ్లయినప్పటి నుంచి నా చేతిరుమాలు కూడా నేను ఉతికింది లేదు. ఆమె నా వైపు ఒకసారి చూసి ఊరుకుంది.

1977 చలికాలం

పెనుకొండలో ఒక లాడ్జికి నెలకోసారి ఒక వైద్యుడు వచ్చి దిగేవాడు. మొలలకు కోత లేకుండా నయం చేస్తానని గోడల మీద రాయించాడు. డ్యూటీ లేని రోజు చూసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని పోయాను.

వరండాలో రెండు బెంచీలు. ఐదారుగురు మగవాళ్లు. కొందరు ఒక పక్కకు ఒరిగి కూర్చున్నారు, మిగిలినవాళ్లు నిలబడ్డారు. అందరి చూపూ గోడ మీది క్యాలెండరు వైపే. ఎవరైనా ఏం జబ్బని అడుగుతారేమోనని నేను ముందుగానే దవడ పట్టుకుని, "పన్ను నొప్పి" అన్నాను.

పక్కాయన నా వైపు తిరగకుండానే మెల్లగా, "ఈడ పండ్లకు చూడరప్పా" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నేను దవడ మీది చేయి తీయడానికి కూడా సిగ్గుపడి, పిలుపు వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.

ఆ వైద్యుడు ఏదో పసరు పూశాడు. నిప్పులు పోసినట్టయింది. ఇంటికి వచ్చి జ్వరమని చెప్పి బోర్లా పడుకున్నాను. జ్వరం నిజంగానే వచ్చింది. అదొక్కటే ఆ రోజు నేను చెప్పిన నిజం. నెల తిరిగేసరికి రక్తం పోవడం ఇంకా ఎక్కువైంది.

ముఖం పాలిపోయింది. మెట్లెక్కితే ఆయాసం. మా అమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసి, "ఒంట్లో నెత్తురు లేదే బిడ్డకు. బలమైంది పెట్టు" అని కోడలికి చెప్పింది. మాబున్నికి పెరట్లో ఏడెనిమిది నాటుకోళ్లు ఉండేవి. పుట్టింటి నుంచి తెచ్చుకున్న జాతి. ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలిచేది. ఆదివారం ఆదివారం ఒకదాన్ని మసీదు దగ్గరికి పంపి కోయించేది. మిరియాలు, కారం దట్టంగా వేసి చారు కాచి నా ముందు పెట్టేది. ముక్కలన్నీ నాకూ పిల్లలకూ వేసి, తాను మజ్జిగన్నం తినేది. నేను తినేవాణ్ని. తిన్న మరుసటి రోజు నరకం చూసేవాణ్ని. మళ్లీ ఆదివారం ఇంకో కోడి తెగేది.

ఒక్క మాట చెప్పి ఉంటే అవి పెరట్లో తిరుగుతూ ఉండేవి. పళ్లెం ముందు కూర్చుని ప్రతిసారీ అనుకునేవాణ్ని, ఇవాళ చెప్పేద్దామని. పక్కన అమ్మ ఉండేది, ఎదురుగా ఇద్దరు ఆడపిల్లలు ఉండేవాళ్లు. మాట గొంతు దాటేది కాదు.

1978 వేసవి

సోమందేపల్లి దాటాక బస్సు కిక్కిరిసి ఉంది. టికెట్లు కొడుతూ వెనక్కి పోతున్నాను. కళ్ల ముందు పచ్చగా, తర్వాత నల్లగా అయింది. పై కమ్మీ పట్టుకోబోయి అందక పడిపోయానట.

కళ్లు తెరిచేసరికి సీట్ల మధ్య దారిలో పక్కకు ఒరిగి పడి ఉన్నాను. ప్యాంటు వెనక అంతా తడి. చుట్టూ కాళ్లు, పైన ముఖాలు. ఎవరో "కండక్టరుకు నెత్తురు పోతాంది" అన్నారు. ఎక్కడి నుంచి పోతోందో చూసినవాళ్లకు తెలుస్తూనే ఉంది. ఒక పిల్ల ఏమైందని అడిగితే తల్లి ఆ పిల్ల కళ్లు మూసింది.

అప్పుడొక అవ్వ ముందుకు వచ్చింది. పెనుకొండ సంతకు ఆకుకూరల గంప తీసుకుపోతున్న మనిషి. గంప మీద ఆకు వాడకుండా కప్పిన తడిగుడ్డ లాగి నా నడుము మీద కప్పింది. చుట్టూ ఉన్నవాళ్లను కసిరింది.

"ఏం చూస్తాండారప్పా? ఈడేమన్నా తోలుబొమ్మలాట ఆడతాండారా? అట్ల తిరుక్కోండి."

ఆ ఎండలో ఆమె ఆకు పెనుకొండ చేరేసరికి ఎంత వాడిపోయి ఉంటుందో. గంగప్పన్న మధ్యలో ఎక్కడా ఆపకుండా బస్సును నేరుగా పెనుకొండ ఆసుపత్రి ముందుకు తెచ్చి నిలిపాడు. దిగాల్సినవాళ్లు కూడా ఎవరూ నోరెత్తలేదు. అక్కణ్నుంచి నన్ను హిందూపురం పెద్దాసుపత్రికి చేర్చారు. రక్తం ఎక్కించాలన్నారు. గంగప్పన్న చొక్కా చేయి పైకి మడిచాడు. అతనిది నాకు సరిపోయింది.

మాబున్ని వచ్చేసరికి నర్సు అంతా చెప్పేసింది. ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది.

"పోయిన ఎండాకాలం నుంచి."

"ప్యాంట్లు ఉతుక్కునేది ఇందుకేనా?"

తల ఊపాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"నువ్వు ధర్మవరంలో ఎవురినో పెట్టుకున్నావనుకుంటి. దాని గుర్తులు నాకు కనపడకూడదని ఉతుక్కుంటాండావనుకుంటి. ఎవురితో చెప్పుకునేది? మీ అమ్మతో చెప్పుకునేదా?"

"అట్లనుకుని కూడా కోళ్లు కోయిస్తివా?" అన్నాను.

"ఏం చేసేది? తెల్లగా పాలిపోయి ఇంటికొస్తాంటివి. దాంతో కొట్లాడల్లన్నా ముందు నువ్వు బతకల్ల గదా."

గోడ వైపు తిరిగాను. బస్సులో అందరి ముందూ పడిపోయినప్పటి సిగ్గు దీని ముందు ఏపాటిది?

వార్డు డాక్టరు చిన్న వయసువాడు, మాట కటువు. "కోత అవసరమైతే తర్వాత చూద్దాం. ముందు నోరు కట్టుకో. మాంసం, కారం మానెయ్. ఆకుకూరలు, కాయగూరలు, రాగులు, మజ్జిగ. బిందెడు నీళ్లు తాగు. చేస్తావా, మళ్లీ ఇట్లాగే వస్తావా?" అన్నాడు. చేస్తానన్నాను. అన్నాక దిగులు పట్టుకుంది. మాంసం లేకుండా ఒక వారం గడిపిన గుర్తు నాకు లేదు.

1978 వానలు

ఇంట్లో సెలవు మీద ఉన్నాను. పొద్దున రాగిముద్ద, చెంచలాకు పప్పు. మధ్యాహ్నం ముద్ద, అనపగింజలు పితికి చేసిన పప్పు, సొరకాయ. రాత్రికి మజ్జిగన్నం. పక్కింటి నుంచి మసాలా వాసన వచ్చినప్పుడల్లా నాకు కోపం. ఎవరి మీద కోపమో తెలియని కోపం. ఒకరోజు పళ్లెం ముందు కూర్చుని విసుక్కున్నాను.

"ఈ గడ్డి రోజూ ఎట్ల తినేది? పెట్టేదానివి నీకేం తెలుస్తుంది? నువ్వైతే తింటావా?"

మాబున్ని ముద్ద గెలికే కట్టె పక్కన పెట్టింది. "ఏడేండ్లుగా తింటాండా" అంది.

"ఏంది?"

"రెండో పిల్ల పుట్టినాక నాకూ ఇదే వచ్చింది. రెండు నెల్లు సరిగా కూచోలేకపోతి. మా అవ్వ చెప్పింది, కూర మానేసి ఆకు, ముద్ద, మజ్జిగ తినమని. తింటి. తగ్గింది. మళ్లా కూర జోలికి పోలేదు, భయం."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఎప్పుడన్నా అడిగితివా?" అంది. కోపంగా కాదు. పప్పులో ఉప్పు చాలిందా అని అడిగినట్టే అంది.

ఏడేళ్లు ఒకే వంటింట్లో ఆమె పళ్లెం పక్కన నా పళ్లెం. ముక్కలన్నీ నాకు వేస్తుంటే అది నా మీద ప్రేమనుకున్నాను. మాంసం అంగడి దగ్గర, "మా ఇంట్లో ఆమెకు కూర పడదప్పా, అంతా నాకే" అని నవ్వుతూ చెప్పుకున్నవాణ్ని. ఆ పూట పళ్లెంలో ఉన్నదంతా తిన్నాను. మళ్లీ ఆ తిండిని గడ్డి అనలేదు.

మళ్లీ డ్యూటీ

బస్సు మార్చమని అడిగాను. కుదరదన్నారు. మొదటి రోజు సోమందేపల్లిలో వెనక సీట్ల నుంచి ఎవడో అరిచాడు. "కండక్టరూ, ఇప్పుడన్నా కూచుంటావా?" బస్సంతా నవ్వింది. నన్ను మెచ్చుకున్న పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు. మోసపోయినట్టుంది ఆయన ముఖం.

ఆకుకూరల అవ్వ ఎక్కితే, ఉతికి మడత పెట్టిన గుడ్డ తీసి ఇవ్వబోయాను.

"ఏం గుడ్డప్పా? నాది కాదే" అంది. నా కళ్లలోకి చూసి, "టికెట్టు కొట్టు. పెనుకొండకు" అంది.

అంత మర్యాదగా మరిచిపోగలిగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మధ్యాహ్నం మిలిటరీ హోటలుకు టిఫిను క్యారియరు తీసుకుపోయేవాణ్ని. ఎదురుగా గంగప్పన్న ఎముక చప్పరించేవాడు, నేను ముద్ద మింగేవాణ్ని. హోటలు ఓనరు మొదట్లో, "నా అంగట్లో సొప్పు తినేదానికొస్తివా అబ్బా?" అని నా ఆకుకూర చూసి నొచ్చుకున్నాడు. తర్వాత అతనే ఒక గ్లాసు మజ్జిగ తెప్పించి నా ముందు పెట్టడం మొదలుపెట్టాడు. మజ్జిగ ఆ హోటల్లో అమ్మేది కాదు.

1979

పెనుకొండలో మా చిన్నాయన మనవడికి సున్తీ విందు. మా నాయన కాలం నుంచి మా వంశంలో బిరియానీ పంక్తి అంటే మొదట కూర్చునేది మా ఇంటివాళ్లే. మాంసం తినని హిందూ స్నేహితుల కోసం పక్కన వేరే వంట, వేరే పంక్తి. నేను చప్పుడు కాకుండా పోయి ఆ పంక్తిలో చివర కూర్చున్నాను. ధర్మవరం నుంచి వచ్చిన ఇద్దరు చీరల వ్యాపారులు కొంచెం జరిగి చోటిచ్చారు.

చిన్నాయన చూశాడు. గొంతు పెద్దది. "ఒరే మస్తానూ! ఆడ కూచున్నావేమిరా? మన పంక్తి ఇట్లుండాది!"

అందరూ తిరిగారు. నా నోటికి అబద్ధం వచ్చేసింది. "మొక్కు చిన్నాయనా. దర్గాలో మొక్కుకున్నా."

"అట్లనా! మంచిదిరా, మంచిది" అని చిన్నాయన గుండె మీద చేయి పెట్టుకున్నాడు. పక్కనున్న వ్యాపారి నాకు నమస్కారం పెట్టాడు. మళ్లీ అదే. జబ్బును దాచి మంచి పేరు తెచ్చుకోవడం.

ఆడవాళ్ల వైపు నుంచి మా అమ్మ గొంతు వినిపించింది. ఆమెకు అబద్ధమన్నా, అందులో దేవుడి పేరుతో అబద్ధమన్నా పడదు.

"మొక్కూ లేదు, ఏమీ లేదు. వానికి మొలలు. కూర తింటే నెత్తురు పోతాది. అబద్ధాలు చెప్పి పాపం మూటగట్టుకోవద్దురా."

వడ్డించేవాళ్లు గరిటెలు ఎత్తినవాళ్లు ఎత్తినట్టే ఆగారు. పిల్లలు కిసుక్కుమన్నారు. విస్తరిలో పప్పు వేశారు. తల ఎత్తకుండా తిన్నాను. ఏం తిన్నానో తెలియదు.

సాయంత్రం అరుగు మీద ఒంటరిగా కూర్చుని ఉంటే చిన్నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. పొద్దున అరిచిన గొంతు కాదు.

"మస్తానూ, ఏం తింటాండావురా నువ్వు? తగ్గిందా నిజంగా?"

"తగ్గింది."

"నాక్కూడా..." అని ఆగాడు. "చాన్నాళ్లుగా ఉండాది."

ఆయన వయసు అరవై దాటింది. చీకటి పడేలోపు పొద్దున పక్కన కూర్చున్న వ్యాపారి ఒకసారి, మా బావమరిది ఒకసారి, ఏదో పని ఉన్నట్టు ఆ అరుగు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగారు. నాకు తెలిసింది చెప్పాను. పసర్ల వాళ్ల దగ్గరికి పోవద్దన్నాను, ఆసుపత్రిలో చూపించుకోమన్నాను. ప్రతి ఒక్కరికీ చెప్పేటప్పుడు చెవులు వేడెక్కాయి. చెప్పడం అలవాటైతే సిగ్గు పోతుందంటారు. నా విషయంలో అది నిజం కాదు.

1987

నాకు కోత అవసరం రాలేదు. అందరికీ అలా కాకపోవచ్చు, ఆ మాట డాక్టరే చెప్పాలి. మాంసం పూర్తిగా మానేశానని గొప్ప చెప్పను. బక్రీదుకు ఒక ముక్క, పెళ్లిలో ఎవరైనా బలవంతం చేస్తే మరొకటి. మిగతా ఏడాదంతా ముద్ద, ఆకు, పప్పు, కాయగూరలు. మొదట మందులా తిన్నాను. ఇప్పుడు రుచి తెలిసి తింటున్నాను.

ఆ ఏడాది మా పెద్దమ్మాయి నూరమ్మ తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. మగపిల్లవాడు పుట్టాడు. ఇల్లంతా సందడి. బాలింతకు బలం రావాలని బంధువులు మాంసం చారు, వెల్లుల్లి కారం పంపుతున్నారు. నీళ్లు ఎక్కువ తాగకూడదని చుట్టుపక్కల ముసలమ్మలు కట్టడి చేశారు. నెల తిరగకముందే పిల్ల అన్నం సగంలో వదిలేయడం మొదలుపెట్టింది. ఆకలి లేదు నాయనా అనేది. బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఒక పక్కకు ఒరిగి కూర్చునేది. లేచేటప్పుడు పెదవి కొరికేది.

దొడ్డికి పోవాల్సి వస్తుందన్న భయంతో అన్నం మానేసే మనిషిని నేను గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారు? కానీ కూతురు. తండ్రి అడిగే మాటేనా అది? మాబున్ని తన చెల్లెలికి బాగాలేదని ధర్మవరం పోయింది, రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆమె వచ్చాక చూసుకుంటుందిలే అనుకుని పెరట్లోకి పోయాను. నాలుగు అడుగులు వేసి వెనక్కి వచ్చాను.

బాలింత గదిలోకి మగవాడు పోకూడదు కాబట్టి గడప బయట నేల మీద కూర్చున్నాను. ముఖం వాకిలి వైపు పెట్టుకున్నాను, పిల్లకు నా ముఖం కనపడకుండా.

"నూరమ్మా, దొడ్డికి పోతే నొప్పి పెడతాందా తల్లీ?"

గొంతు ఇంకా తగ్గించి మళ్లీ అడిగాను.

"నెత్తురేమన్నా పడతాందా?"

"అయ్యో నాయనా!" అంది. గొంతులో చచ్చేంత సిగ్గు. "నీకేం పనిలేదా? పో ఆడికి. ఇట్లాంటివి అడుగుతారా ఎవురన్నా?"

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. చెవుల దగ్గర్నుంచి మెడ దాకా కాలిపోతోంది. అయినా అక్కణ్నుంచి లేవలేదు. లోపల పిల్లవాడు కాసేపు ఏడ్చి, పాలు తాగుతూ నిద్రపోయాడు. అప్పటిదాకా అలాగే కూర్చున్నాను.

ఆ తర్వాత, చాలా మెల్లగా, "పడతాంది నాయనా" అంది.